నల్ల పళ్లెం గుట్టు: గ్రామఫోను రికార్డు వయసు చెప్పడం ఎలా?

ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. గ్రామఫోను రికార్డు మీద ఒకవైపు ఎన్ని గాళ్లు ఉంటాయి?

వంద అని ఒకరు, వెయ్యి అని ఒకరు చెబుతారు. లెక్కపెట్టడం మొదలుపెట్టి మధ్యలో విసుగెత్తి మానేసేవాళ్లూ ఉంటారు. సరైన జవాబు: ఒక్కటే! అంచు దగ్గర మొదలైన గాడి చుట్టలు చుట్టుకుంటూ, ఎక్కడా తెగకుండా, నడిమి కాగితం దాకా పోతుంది. దోమల చక్రం చుట్టలాగా. చుట్లు అనేకం, గాడి మాత్రం ఒకటే.

ఈ నల్లటి పళ్లెం మీ ఇంటి అటక మీద ఉండొచ్చు, తాతగారి ట్రంకు పెట్టెలో ఉండొచ్చు, ఒకప్పుడు ఊళ్లో పెళ్లిళ్లకు మైకుసెట్టు పెట్టిన ఆసామి ఇంట్లో గోనె సంచిలో ఉండొచ్చు. కనబడితే పాత సామాను కింద పారేయకండి. అది ఎప్పటిది, దేనితో చేశారు, ఎన్నో అచ్చు అన్న సంగతులు ఆ పళ్లెం మీదే రాసి ఉంటాయి. చదవడం రావాలి, అంతే. అందుకు కావలసినవి ఒక భూతద్దం, ఒక స్కేలు, కొంచెం ఓపిక.

గాడిలో పాట ఎలా దాక్కుంటుంది?

శబ్దమంటే కంపనం అని మీరు చదువుకున్నారు. మనం పాడితే గాలి కంపిస్తుంది. ఆ కంపనం ఒక పలుచని పొరను కదిలిస్తుంది. పొరకు అతికించిన ముల్లు, తిరుగుతున్న మెత్తటి మైనం మీద గీత గీస్తుంది. పొర ఊగినట్టల్లా గీత కూడా కుడికీ ఎడమకీ వంకరలు పోతుంది. తరవాత ఆ వంకర గాడిలో మరో ముల్లు నడిపిస్తే అది అచ్చంగా అలాగే ఊగుతుంది, పొరను ఊపుతుంది, పాట వినబడుతుంది.

1877లో అమెరికాలో థామస్ ఎడిసన్ మొదట తయారుచేసిన యంత్రంలో పళ్లెం లేదు. తగరపు రేకు చుట్టిన స్తంభం లాంటి గొట్టం మీద ముల్లు నడిచేది. గొట్టాలకు నకళ్లు తీయడం కష్టం. 1887లో ఎమిలీ బెర్లినర్ గొట్టానికి బదులు బల్లపరుపు పళ్లేన్ని వాడే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. పళ్లెమైతే అప్పడం వత్తినట్టు ఎన్నయినా వత్తవచ్చు. గ్రామఫోను ఊరూరా చేరడానికి ఈ ఒక్క మార్పే కారణం.

ఇప్పుడొక లెక్క చేద్దాం. పాత పెద్దరకం రికార్డు నిమిషానికి 78 సార్లు తిరుగుతుంది. దాన్ని '78 రికార్డు' అనడం అందుకే. వ్యాసం 25 సెం.మీ. ఒకవైపు సుమారు 3 నిమిషాల పాట పడుతుంది. అంటే 78 × 3 = 234 చుట్లు. ఒక్కొక్క మిల్లీమీటరులో సుమారు 4 చుట్లు ఉంటాయి. కాబట్టి పాట ఆక్రమించే వెడల్పు 234 ÷ 4 = 58 మి.మీ.పైచిలుకు. స్కేలు పెట్టి కొలిచి చూడండి, దాదాపు సరిపోతుంది.

గాడి పొడవెంత? కేంద్రం నుంచి గాడి సగటు దూరం 9 సెం.మీ. అనుకుంటే ఒక చుట్టు పొడవు 2 × 3.14 × 9 = 56.5 సెం.మీ. 234 చుట్లకు సుమారు 132 మీటర్లు. మూడు నిమిషాల పాటలో ముల్లు ఫుట్‌బాల్ మైదానం పొడవుకన్నా ఎక్కువ దూరం నడుస్తుందన్నమాట!

ఇంకో వింత కూడా ఉంది. అంచు దగ్గర ముల్లు కింద గాడి సెకనుకు సుమారు 98 సెం.మీ. వేగంతో జారుతుంది. లోపలి కొసకు వచ్చేసరికి ఆ వేగం 51 సెం.మీ.కు పడిపోతుంది. సెకనుకు 2,000 కంపనాల స్వరం అంచు దగ్గర అర మిల్లీమీటరు పొడవైన వంకరగా ఉంటే, లోపల పావు మిల్లీమీటరులో ఇరుక్కోవాలి. చాలా రికార్డుల్లో పాట చివర గొంతు కొంచెం ముసుగేసినట్టు వినబడడానికి ఇది ఒక కారణం.

లక్క పురుగు, సున్నపురాయి

78 రికార్డు చేతిలోకి తీసుకుంటే ముందు దాని బరువు ఆశ్చర్యపరుస్తుంది. సుమారు 200 గ్రాములు ఉంటుంది. కింద పడితే పెంకులాగా పగులుతుంది. దీన్ని చాలామంది ప్లాస్టిక్ అనుకుంటారు. కాదు. ఇది లక్క.

లక్క అంటే మీకు భారతంలోని లక్క ఇల్లు గుర్తుకు రావాలి. హైదరాబాదు లాడ్ బజారులో అమ్మే లక్క గాజులు గుర్తుకు రావాలి. మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మలకు లక్షలాది చిన్న పురుగులు అంటుకుని రసం పీలుస్తూ, తమ చుట్టూ ఒక బంకను స్రవిస్తాయి. అది గట్టిపడితే లక్క. మన విస్తరాకుల మోదుగ చెట్టే ఆ పురుగుకూ ఇల్లు. ప్రపంచానికి లక్క సరఫరా చేసిన దేశాల్లో మనది ముఖ్యమైనది. 1924లో రాంచీ దగ్గర నామ్‌కుంలో లక్క మీద పరిశోధనకు ప్రత్యేకంగా ఒక సంస్థ కూడా వెలిసింది.

అయితే రికార్డంతా లక్క కాదు. లక్క సుమారు నాలుగో వంతో, అయిదో వంతో ఉంటుంది. మిగతాది ఎక్కువ భాగం రాతిపొడి. పలకరాయి, సున్నపురాయి, బరైటీసు వంటివి మెత్తగా నూరి కలిపేవారు. నల్లదనానికి మసి, పట్టు ఉండడానికి దూది నూగు. మా హుజూర్‌నగర్ నుంచి మెళ్లచెరువు, మట్టపల్లి వైపు వెళితే సిమెంటు ఫ్యాక్టరీలకు పోయే సున్నపురాయి గుట్టలుగా కనబడుతుంది. కడప ప్రాంతంలోని మంగంపేటలో బరైటీసు నిల్వలు ప్రపంచ ప్రసిద్ధం. పాటను మోసిన పళ్లెంలో పాట కన్నా రాయే ఎక్కువని తెలిస్తే నవ్వొస్తుంది కదూ?

రాతిపొడి ఎందుకు? రికార్డు గట్టిగా ఉండాలి. అంతేకాదు, ఉక్కు ముల్లు గాడిలో నడుస్తున్నప్పుడు ఆ పొడి ముల్లును గాడి ఆకారానికి అరగదీస్తుంది. అందుకే ఒక వైపు వినగానే ముల్లు మార్చాలనేవారు. వినబడే 'గరగర'కు కూడా ఆ రాతిపొడే కారణం.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో లక్కకు కరువొచ్చింది. 1942లో అమెరికా ప్రభుత్వం రికార్డుల తయారీకి ఇచ్చే లక్కను బాగా తగ్గించింది. పాత రికార్డులు తిరిగి కరిగించడానికి పోయాయి. ఎన్ని పాటలు అలా కరిగిపోయాయో! ఆ రోజుల్లోనే వినైల్ అనే ప్లాస్టిక్ మీదికి దృష్టి మళ్లింది. 1948లో అమెరికాలో కొలంబియా సంస్థ నిమిషానికి 33⅓ సార్లు తిరిగే పెద్ద వినైల్ రికార్డును, అంటే ఎల్.పి.ని విడుదల చేసింది. మరుసటి ఏడు ఆర్.సి.ఎ. సంస్థ 45 సార్లు తిరిగే చిన్న రికార్డును తెచ్చింది. మన దేశంలో మాత్రం లక్క రికార్డు తొందరగా పోలేదు. 1960ల చివరి వరకూ 78 రికార్డులు వస్తూనే ఉన్నాయి.

అచ్చుకు అచ్చు

రికార్డు వయసు తెలియాలంటే అది పుట్టే విధానం తెలియాలి. కొంచెం శ్రద్ధగా చదవండి, ఇదే ఈ పాఠానికి గుండెకాయ.

మొదట గాయకుడు పాడుతుండగా మందమైన మైనపు పళ్లెం మీద గాడి తీస్తారు. మైనానికి విద్యుత్తు ప్రవహించే గుణం లేదు. కాబట్టి దాని మీద సన్నటి గ్రాఫైటు పొడి అద్ది, రాగి లవణం ద్రావణంలో కాథోడుగా వేలాడదీస్తారు. విద్యుత్తు పంపితే దాని మీద రాగి పేరుకుంటుంది. ఇది మీరు చదివే విద్యుత్ పూత పాఠమే. ఆ రాగి పెంకును ఊడదీస్తే మైనంలో గాడి ఉన్నచోట దీని మీద గట్టు ఉంటుంది. రబ్బరు స్టాంపు మీద అక్షరాలు తిరగబడి ఉన్నట్టు అన్నమాట. దీన్ని 'తండ్రి' అంటారు.

తండ్రితోనే రికార్డులు వత్తితే కొన్నాళ్లకు అరిగిపోతుంది. మళ్లీ పుట్టించడానికి మైనం మిగలదు. అందుకని తండ్రి మీద మళ్లీ లోహపు పూత పూసి ఇంకో పెంకు తీస్తారు. దాని మీద మళ్లీ గాడి వస్తుంది. ఇది 'తల్లి'. తల్లి మీద పూత పూసి మరికొన్ని పెంకులు తీస్తారు. వీటి మీద గట్లుంటాయి. ఇవే రికార్డులు వత్తే అచ్చులు, 'స్టాంపర్లు'. ఒక్కొక్క స్టాంపరు సుమారు వెయ్యి రికార్డులు వత్తేసరికి అలిసిపోతుంది. అప్పుడు కొత్తది పెడతారు.

దీన్నిబట్టి ఏం తెలుస్తోంది? పాట పాడింది ఒకరోజు. దాన్ని అచ్చు వేసింది మరో రోజు. మధ్య తేడా నెల కావచ్చు, ముప్పయి ఏళ్లు కావచ్చు. మీ పాఠ్యపుస్తకం లోపలి పేజీ తీయండి. 'మొదటి ముద్రణ' ఒక ఏడు, 'పునర్ముద్రణ' ఇంకో ఏడు ఉంటాయి. రికార్డుకూ అంతే. కాకపోతే ఆ సంగతి అక్షరాలా రాసి ఉండదు, మనం కనిపెట్టాలి.

వయసు చెప్పే అయిదు గుర్తులు

మొదటి గుర్తు పరిమాణం, వేగం. 25 సెం.మీ. ఉండి బరువైనదీ, పెళుసైనదీ అయితే లక్క 78. 17.5 సెం.మీ. ఉండి వంగితే 45 వేగపు వినైల్. మన సినిమా పాటలు నాలుగేసి చొప్పున వచ్చిన ఇ.పి.లు ఈ కొలతవే. 30 సెం.మీ. వినైల్ అయితే ఎల్.పి. దాని మీద ఒకవైపు 25 నిమిషాల పాట ఉంటే చుట్లు 833 అవుతాయి. మిల్లీమీటరుకు దాదాపు 10 చుట్లు! అందుకే దాన్ని సన్నగాడి రికార్డు అన్నారు.

రెండో గుర్తు పదార్థం. గోటితో అంచు మీద మెల్లగా తట్టండి. లక్క పింగాణీ పళ్లెంలాగా 'టింగ్' అంటుంది. వినైల్ మొద్దుగా 'టప్' అంటుంది. అమెరికాలో కొన్ని చిన్న రికార్డులను పాలీస్టైరీన్ అనే మరో ప్లాస్టిక్‌తో పోతపోశారు. అవి తేలిగ్గా ఉండి, లేబుల్ కాగితం మీద అతికించినట్టు కనబడుతుంది. వినైల్ రికార్డులో లేబుల్ పళ్లెంతోపాటే వేడిలో వత్తబడి దానిలో కలిసిపోయి ఉంటుంది.

మూడో గుర్తు లేబుల్. మొదటి రోజుల్లో రికార్డులకు ఒకవైపే పాట ఉండేది, రెండో వైపు బోడి. లేబుల్ మీద ఈక కలంతో గీస్తున్న దేవదూత బొమ్మ ఉంటే అది గ్రామఫోన్ కంపెనీ తొలినాళ్లది. మనవాళ్లు 'కుక్క బొమ్మ రికార్డు' అని పిలిచే లేబుల్ తరవాతిది. ఫ్రాన్సిస్ బరాడ్ వేసిన ఆ బొమ్మను కంపెనీ 1899లో కొన్నా, రికార్డు లేబుళ్ల మీదికి అది కొన్నేళ్లు ఆగి వచ్చింది. ఊరి పేరు కూడా చూడాలి. 1902లో ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి గౌహర్ జాన్ మొదలైనవారి పాటలు తీసుకున్నప్పుడు మన దేశంలో అచ్చు వేసే ఫ్యాక్టరీ లేదు. మైనపు పళ్లేలు ఓడలో జర్మనీలోని హానోవర్ వెళ్లి, రికార్డులై తిరిగి వచ్చేవి. గౌహర్ జాన్ పాట చివర తన పేరు తానే ఇంగ్లీషులో చెప్పేది. పరాయి దేశపు పనివారికి ఏ పళ్లెం ఎవరిదో తెలియాలి కదా! 1908లో కలకత్తాలోనే ఫ్యాక్టరీ వచ్చింది. 1928 ప్రాంతంలో అది డమ్‌డమ్‌కు మారింది. కనుక 'డమ్‌డమ్' అన్న మాట ఉన్న లేబుల్ అంతకు ముందుది కాదు. 'గ్రామఫోన్ కంపెనీ ఆఫ్ ఇండియా' అని ఉంటే ఇంకా తరవాతిది, ఎందుకంటే ఆ పేరుతో సంస్థ నమోదయింది 1946లో. ఆ సంస్థే 2000లో సారేగామా అయింది.

నాలుగో గుర్తు అన్నిటికన్నా ముఖ్యం. పాట ముగిసిన చోటుకూ లేబుల్‌కూ మధ్య నున్నటి జాగా ఉంటుంది. రికార్డును వెలుతురుకు ఏటవాలుగా పట్టి భూతద్దంతో చూడండి. అక్కడ గీకినట్టో, గుద్దినట్టో అంకెలు కనబడతాయి. దీన్ని 'మాట్రిక్స్ నంబరు' అంటారు. లేబుల్ మీద ఉండే నంబరు అమ్మకం కోసం. ఇది పుట్టుమచ్చ లాంటిది, పాట తీసుకున్న నాటిది. దీని చివర 1, 2 అని విడిగా ఒక అంకె ఉంటే అది ఎన్నోసారి పాడించినదో చెబుతుంది. ఒకే పాట, ఒకే లేబుల్ నంబరు ఉండి, చివరి అంకె మారితే అవి రెండు వేరువేరు గానాలు! ఒకదానిలో లేని సంగతి రెండోదానిలో ఉండొచ్చు. లేబుల్ కొత్తదై, మాట్రిక్స్ నంబరు పాతదైతే పాట పాతది, అచ్చు కొత్తది.

అయిదో గుర్తు చెవికి సంబంధించినది. 1925కు ముందు మైక్రోఫోను వాడలేదు. పెద్ద కొమ్ములోకి గట్టిగా పాడేవారు. ఆ పద్ధతిలో సెకనుకు సుమారు 3,000 కంపనాలకు మించిన స్వరాలు సరిగా పడేవి కావు. గొంతు కొమ్ములోంచి వచ్చినట్టే ఉంటుంది. విద్యుత్ పద్ధతి వచ్చాక మృదంగపు గుమకీ, గాయకుడి ఊపిరీ కూడా వినబడడం మొదలుపెట్టాయి. ఇక అసలు అచ్చు పోయి, ఒక పాత రికార్డు నుంచే ఇంకో రికార్డు దించితే పాతదాని గరగర కూడా కొత్తదానిలో అచ్చవుతుంది. గరగర మీద గరగర వినబడితే అనుమానించండి.

వేగం విషయంలో ఒక హెచ్చరిక. తొలినాళ్ల '78'లన్నీ 78 కాదు. 74 వేగంతో తీసిన రికార్డును 78 వేగంతో తిప్పితే స్వరం 78 ÷ 74 = 1.054 రెట్లు పెరుగుతుంది. మన పన్నెండు స్వరస్థానాల్లో ఒక మెట్టుకూ దాని పై మెట్టుకూ మధ్య నిష్పత్తి 1.059. అంటే ఒకటి శ్రుతిలో పాడిన మనిషి దాదాపు ఒకటిన్నర శ్రుతిలో పాడినట్టు వినబడతాడు. పాతకాలం వాళ్లందరివీ కీచుగొంతులని తొందరపడి తీర్మానించకండి!

గ్రామఫోన్ సంకేతలిపి

ఇంగ్లండులోని హేస్ ఫ్యాక్టరీలో ఇ.ఎం.ఐ. సంస్థ అచ్చు వేసిన రికార్డుల మీద ఒక సరదా సంకేతం ఉంటుంది. మాట్రిక్స్ నంబరు మీకు దగ్గరగా, అంటే గడియారంలో 6 ఉండే చోట ఉండేలా రికార్డును పట్టుకోండి. 9 ఉండే చోట ఒక అంకె కనబడుతుంది. అది ఎన్నో 'తల్లి'యో చెబుతుంది. 3 ఉండే చోట ఇంగ్లీషు అక్షరాలుంటాయి. అవి ఎన్నో స్టాంపరో చెబుతాయి. అక్షరాలను అంకెలుగా మార్చే తాళంచెవి ఇదీ:

జి = 1, ఆర్ = 2, ఏ = 3, ఎం = 4, ఓ = 5, పి = 6, హెచ్ = 7, ఎల్ = 8, టి = 9, డి = 0.

వరసగా చదివితే 'గ్రామఫోన్ లిమిటెడ్' అన్న పేరుకు కుదింపు అని తెలుస్తుంది. పది అక్షరాల్లో ఒక్కటీ రెండోసారి రాలేదు, గమనించండి. లేకపోతే సంకేతం చెల్లదు. ఉదాహరణకు ఎడమ 1, కుడి 'ఆర్ ఏ' ఉంటే మొదటి తల్లికి చెందిన 23వ స్టాంపరు. స్టాంపరుకు వెయ్యి చొప్పున చూస్తే, అప్పటికే సుమారు 22 వేల కాపీలు వచ్చి ఉంటాయని ఊహించవచ్చు. కాగితం మీద ఎక్కడా లేని అమ్మకాల లెక్క ఇలా పళ్లెం మీద దొరుకుతుంది!

ఒక్క రికార్డుకు లక్ష పౌండ్లు

ఇంత తేడా కనిపెట్టడం ఎందుకని మీకు అనిపించవచ్చు. 1970లలో ఇంగ్లండు ఉత్తర ప్రాంతపు పట్టణాల్లో యువకులు అమెరికా నల్లజాతి గాయకుల 'సోల్' పాటలకు రాత్రంతా నాట్యం చేసేవారు. ఎవరికీ తెలియని, కొద్ది కాపీలే మిగిలిన చిన్న రికార్డుల కోసం వాళ్లు అమెరికా గోదాములన్నీ గాలించారు. 1965లో డెట్రాయిట్ నగరపు మోటౌన్ సంస్థ ఫ్రాంక్ విల్సన్ అనే గాయకుడి రికార్డు ఒకటి అచ్చు వేసి, విడుదల మానుకుంది. వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని కాపీలే మిగిలాయి. అందులో ఒకటి 2009లో 25,742 పౌండ్లకు అమ్ముడుపోయింది. 2020లో ధర లక్ష పౌండ్లకు చేరింది. తమాషా ఏమిటంటే అదే పాట 1979లో ఇంగ్లండులో మళ్లీ అచ్చయింది. పాట అదే, గొంతు అదే. ఏది అసలు, ఏది తరవాతిది అని తేల్చేవి లేబుల్, పదార్థం, నున్నటి జాగాలోని గుర్తులు. మనం పైన నేర్చుకున్నవే.

పోతే తిరిగిరాని గొంతులు

మన రికార్డులకు లక్ష పౌండ్లు ఎవరూ ఇవ్వకపోవచ్చు. వాటి విలువ వేరు. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' 1932లో విడుదలైంది. ఆ చిత్రం ప్రతి ఇప్పుడు దొరకడం లేదు. ఆ కాలపు గొంతులు ఎలా ఉండేవో, పద్యం ఎలా ఎత్తుకునేవారో, మాట ఎలా పలికేవారో తెలుసుకోవడానికి చాలాసార్లు మనకు మిగిలింది ఈ లక్క పళ్లేలే. బెంగుళూరు నాగరత్నమ్మ వంటి విదుషీమణుల గానం, రంగస్థల నటుల పద్యాలు, హరికథలు వీటిలో ఉన్నాయి. ఘంటసాల పాడిన పుష్పవిలాపం పద్యాలు ఊరూరా పాకింది రికార్డుల ద్వారానే. ఆయన భగవద్గీత ఎల్.పి. 1974లో ఆయన పోయిన తరవాత విడుదలై ఇంటింటికీ చేరింది. సినిమా పాటల్లో ఇంకో చిక్కుంది. కొన్ని పాత చిత్రాల్లో వినిపించే పాటా, రికార్డు కోసం మళ్లీ పాడించిన పాటా ఒకటి కావు. సినిమా ఉన్నా రికార్డు అవసరం తీరదు.

ఇలాంటివాటిని ఏరి దాచినవారిలో వి.ఎ.కె.రంగారావు గారి పేరు తెలుగువారు ముందుగా చెప్పుకుంటారు. సంగీత, నృత్య విమర్శకులైన ఆయన మద్రాసులో వేల కొద్దీ 78 రికార్డులు సేకరించారు. ఏ పాట ఎవరు, ఎప్పుడు, ఏ చిత్రానికి పాడారో రాసిపెట్టారు. కూడబెట్టడం ఒక ఎత్తు, వివరం రాసిపెట్టడం ఇంకో ఎత్తు. రెండోది లేకపోతే మొదటిది రాళ్లకుప్పే.

మా బడిలో తొమ్మిదో తరగతి విద్యార్థి ఒకడు రెండు రికార్డులు తెచ్చి, "సార్, ఇవి ఎప్పటివి?" అని అడిగాడు. ఒకదాని లేబుల్‌ను ఎలుకలు కొరికేశాయి. అయినా భయం లేదు. టింగుమంది, లక్క అని తేలింది. రెండు వైపులా గాడి ఉంది. మాట్రిక్స్ నంబరు రాసుకున్నాం. వింటే పద్యం స్పష్టంగా ఉంది, కాబట్టి మైక్రోఫోను కాలానిది. లేబుల్ లేకున్నా ఇంత తెలిసింది. రెండో రికార్డుకు లేబుల్ చక్కగా ఉంది. కాని ఒక వైపు బూడిద రంగు తిరిగి, గాడి అలుక్కుపోయింది. పండుగకు ఇల్లు సర్దుతూ సూది మందుకు వాడే స్పిరిటుతో శుభ్రంగా తుడిచారట. రెండో వైపు తుడిచేలోపల స్పిరిటు అయిపోయిందట. ఆ ఇంటి ముసలాయనకు ఇష్టమైన పద్యం తుడిచిన వైపే ఉంది. ముల్లు పెడితే బుసలు తప్ప ఏమీ రాలేదు.

అలా ఎందుకయిందో కింది ప్రయోగం చెబుతుంది.

చేసి చూడండి

ప్రయోగం 1. చెక్కకు పాలిష్ వేసే పనివారి దగ్గర లక్క పలుకులు దొరుకుతాయి. రెండు గాజు సీసాల్లో చిటికెడు చొప్పున వేయండి. ఒకదానిలో నీళ్లు, రెండోదానిలో స్పిరిటు పోయండి. మూతపెట్టి ఒక రోజు ఉంచండి. నీళ్లలో లక్క అలాగే ఉంటుంది. స్పిరిటులో కరిగి గోధుమ రంగు ద్రావణం అవుతుంది. స్పిరిటు త్వరగా అంటుకుంటుంది, కాబట్టి పెద్దలు దగ్గరుండాలి, చుట్టుపక్కల మంట ఉండకూడదు.

ప్రయోగం 2. బాగా గీతలు పడి, ఎందుకూ పనికిరాని వినైల్ రికార్డు దొరికితేనే ఇది చేయండి. దళసరి కాగితాన్ని పొట్లంలాగా చుట్టి, మొన దగ్గర కుట్టుసూది గుచ్చండి. తిరుగుతున్న రికార్డు మీద సూదిని తేలిగ్గా ఆనించండి. కరెంటు తీగ ఏదీ తగలకుండానే పొట్లంలోంచి పాట వస్తుంది! సూది కంపనాన్ని కాగితం గాలికి అందిస్తుంది. సూది గాడిని చెరుపుతుంది కనుక మంచి రికార్డు మీద ఎన్నడూ చేయకండి.

దాచుకునే పద్ధతి

లక్క రికార్డును స్పిరిటుతో తుడవకండి. ఇత్తడి చెంబు తోమినట్టు చింతపండు, నిమ్మరసం పెట్టకండి. లోపలి సున్నపురాయి ఆమ్లంతో చర్య జరుపుతుంది, మీకు తెలిసిందే. మెత్తటి కుంచెతో దుమ్ము దులపండి. తప్పనిసరి అయితే శుభ్రమైన నీటిలో తడిపి పిండిన గుడ్డతో గాడి వెంబడి తుడిచి, వెంటనే ఆరబెట్టండి. లేబుల్ తడవకూడదు. చేతితో అంచులే పట్టుకోండి.

రికార్డులను ఒకదాని మీద ఒకటి పేర్చకండి, పుస్తకాల్లాగా నిలబెట్టండి. రేకుల ఇంట్లో మన వేసవి వేడికి లక్కా వినైలూ రెండూ మెత్తబడి వంగుతాయి. వానాకాలం తేమకు బూజు పడుతుంది. గాలి ఆడే చల్లని చోటు చూడండి. 78 గాడి వెడల్పు, ఎల్.పి. గాడి సన్నం. ఒకదాని ముల్లు రెండోదానికి వాడితే పాటా చెడుతుంది, గాడీ చెడుతుంది.

ఒక నోటుబుక్కులో ప్రతి రికార్డుకు ఒక పేజీ కేటాయించండి. కొలత, పదార్థం, లేబుల్ బొమ్మ, లేబుల్ నంబరు, మాట్రిక్స్ నంబరు, పాడినవారు, ఏ ఇంట్లో దొరికింది అన్నవి రాయండి. ఆ ఇంట్లో పెద్దవాళ్లుంటే దాన్ని ఎక్కడ కొన్నారో, ఎప్పుడు వినేవారో అడిగి అదీ రాయండి. మాట్రిక్స్ నంబరు రికార్డు మీద ఉంటుంది. ఈ చివరి వివరం మాత్రం మనుషుల దగ్గరే ఉంటుంది, వారితోపాటే పోతుంది.

ఆలోచించండి

1. 45 వేగపు రికార్డు మీద 4 నిమిషాల పాటలో ఎన్ని చుట్లు ఉంటాయి?

2. హేస్ ఫ్యాక్టరీ రికార్డు మీద కుడివైపు 'హెచ్ డి' అని ఉంది. అది ఎన్నో స్టాంపరు?

3. ఒక రికార్డు లేబుల్ మీద 'గ్రామఫోన్ కంపెనీ ఆఫ్ ఇండియా' అని ఉంది. గొంతు కొమ్ములోంచి వచ్చినట్టు వినబడుతోంది. మీరేమంటారు?

4. 'తండ్రి'తో నేరుగా రికార్డులు వత్తకుండా 'తల్లి'ని ఎందుకు తయారుచేస్తారు?

జవాబులు: 1. 180. 2. 70వది. 3. పాట 1925కు ముందు తీసింది కావచ్చు, అచ్చు మాత్రం 1946 తరవాతిది. మాట్రిక్స్ నంబరు చూసి నిర్ధారించుకోవాలి. 4. స్టాంపర్లు అరిగిపోయినప్పుడల్లా కొత్తవి తీసుకోవడానికి. తండ్రి అరిగిపోతే మళ్లీ పుట్టించే దారి ఉండదు.